3జీపీపీ స్పెక్‌లో కంట్రోల్ ఎఫ్ కొడితే ఎందుకు దొరకదు, సీనియర్లు ఎలా పట్టుకుంటారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 5జీ ప్రొటోకాల్ టెస్టింగ్‌లో కొత్తగా చేరారు. లాగ్‌లో రేడియో లింక్ ఫెయిల్యూర్ (ఫోన్‌కీ టవర్‌కీ మధ్య రేడియో సంబంధం తెగిపోవడం) కనిపించిన ప్రతిసారీ "స్పెక్ రిఫరెన్స్ ఏది?" అని లీడ్ అడుగుతున్నారు. ఆర్ఆర్‌సీ (ఫోన్, టవర్ మధ్య నియంత్రణ సందేశాలు) స్పెక్ 38.331 తెరిచి కంట్రోల్ ఎఫ్ కొడితే లెక్కలేనన్ని చోట్ల ఆగుతోంది, గూగుల్‌లో కొడితే ఒక్కోసారి ఒక్కో వెర్షన్ పీడీఎఫ్ వస్తోంది, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ పోర్టల్‌లో వెతికితే అసలేమీ రావడం లేదు. పక్క సీటు సీనియర్ మాత్రం నిమిషంలో క్లాజ్ నంబరు చెప్పేస్తున్నారు, ఆయన దగ్గర ఏదైనా టూల్ ఉందా అని అడిగారు.

టూల్ ఏమీ ఉండదండి. ఆయన సెర్చ్ బాక్స్ దగ్గరికి చివర్లో వెళ్తారు, అంతే తేడా. ఈ విషయం ఏ వర్కింగ్ గ్రూపు పరిధిలోకి వస్తుంది, అయితే ఏ నంబరు స్పెక్‌లో ఉండాలి, అందులో ఏ భాగంలో ఉండాలి, ఏ రిలీజ్ (ప్రమాణాల తరం) తెరవాలి, ఇవన్నీ మనసులో తేల్చుకున్నాకే కంట్రోల్ ఎఫ్ కొడతారు. మీరు అక్కడినుంచే మొదలుపెడుతున్నారు.

ముందు ఒకటి ఒప్పేసుకుంటే సగం చికాకు తగ్గుతుంది. ఈ డాక్యుమెంట్లు కొత్తవాళ్ళకి నేర్పడానికి రాసినవి కావు. 3జీపీపీ 1998 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు ఏడు ప్రాంతీయ ప్రమాణాల సంస్థలు దాన్ని నడుపుతున్నాయి, మన దేశం తరఫున టీఎస్‌డీఎస్ఐ ఉంది. ఫోన్లు చేసేవాళ్ళు, చిప్‌లు చేసేవాళ్ళు, టవర్ పరికరాలు చేసేవాళ్ళు, ఆపరేటర్లు అందరూ కూర్చుని ఒక్కో వాక్యం మీద వాదించుకుని ఒప్పుకున్న ఒప్పందం అది. ఒప్పంద పత్రంలో ప్రతి మాటా ఒక్కచోటే ఉండాలి, రెండు చోట్ల రాస్తే రేపు రెండూ వేరువేరుగా మారిపోతాయని భయం. అందుకే ఎక్కడ చూసినా "ఫలానా స్పెక్‌లో ఫలానా క్లాజ్ చూడు" అని తోసేస్తారు. పైగా అసలు ఫైల్ జిప్‌లో పెట్టిన వర్డ్ డాక్యుమెంటు. పోర్టల్‌లో స్పెక్ నంబరు మీద, టైటిల్ మీద వెతకొచ్చు గానీ జిప్ లోపలున్న పాఠం మీద వెతకలేరు. మీకేమీ రావడం లేదంటే కారణం అదే, మీ ఇంటర్నెట్ తప్పు కాదు.

ఇక నంబర్లు. దీన్ని బట్టీ పట్టండి, మొహమాటం వద్దు. 38తో మొదలైతే 5జీ రేడియో. చుక్క తర్వాత మొదటి అంకె చూడండి: 1 అయితే ఆర్ఎఫ్, రేడియో వనరుల కొలతలు (రాన్4 గ్రూపు), 2 అయితే ఫిజికల్ లేయర్ (రాన్1), 3 అయితే దాని పైనున్న ప్రొటోకాల్ లేయర్లు మ్యాక్, ఆర్ఎల్‌సీ, పీడీసీపీ, ఆర్ఆర్‌సీ (రాన్2), 4 అయితే నోడ్ల మధ్య ఇంటర్‌ఫేస్‌లు (రాన్3), 5 అయితే ఫోన్ టెస్టింగ్ (రాన్5). కోర్ (టవర్ల వెనకున్న ప్రధాన నెట్‌వర్క్) వైపు ఆర్కిటెక్చర్ 23.501, ఫోన్‌కీ కోర్‌కీ మధ్య న్యాస్ సిగ్నలింగ్ 24.501, సెక్యూరిటీ 33.501. 22 సిరీస్‌లో ఏం కావాలో ఉంటుంది, 23లో ఎలా అమర్చాలో ఉంటుంది, 24, 29, 38లో బిట్లు బైట్లతో సహా ఉంటుంది. మీ లాగ్‌లో మెసేజ్ కనబడిందంటే మీకు కావలసింది చివరి రకం. 38.300 మాత్రం మినహాయింపు, అది మొత్తం రేడియో వైపు ఎలా పని చేస్తుందో వివరించే స్పెక్. కొత్త టాపిక్ ఏదైనా ముందు అక్కడ ఒకటి రెండు పేజీలు చదివి, తర్వాత 331లోకి దిగితే ఊపిరాడుతుంది.

ఒక గొయ్యి ఉంది, అందరూ పడతారు. చుక్క తర్వాత 8 లేదా 9తో మొదలయ్యేవి టీఆర్‌లు, అంటే టెక్నికల్ రిపోర్టులు, వాటిలో ఎక్కువ భాగం స్టడీలు. వాటిలో చర్చకు వచ్చిన ఆప్షన్లన్నీ ఉంటాయి, తర్వాత పక్కన పెట్టేసినవి కూడా. గూగుల్‌కి టీఆర్ అంటే చాలా ఇష్టం, ఎందుకంటే వాటిలో మామూలు ఇంగ్లీషులో వివరణ ఉంటుంది. ఉదాహరణకి టీఆర్ 38.801లో బేస్ స్టేషన్‌ని ఎక్కడ విడగొట్టాలన్న దానికి 8 ఆప్షన్లు ఉన్నాయి. అది చదివి "ఆప్షన్ 7 అని 3జీపీపీ చెప్పింది" అని ప్రెజెంటేషన్లలో రాసేస్తుంటారు. 3జీపీపీ చివరికి స్టాండర్డ్‌గా రాసింది ఆప్షన్ 2కి సరిపోయే ఎఫ్1 ఇంటర్‌ఫేస్, దాని సిగ్నలింగ్ 38.473లో ఉంది. ఫ్రంట్‌హాల్‌లో (రేడియో యూనిట్‌కీ బేస్ స్టేషన్ మిగతా భాగానికీ మధ్య లింక్) అందరూ చెప్పుకునే 7-2ఎక్స్ వేరే సంస్థ అయిన ఓ-రాన్ అలయన్స్ స్పెక్‌లది. లీడ్‌కి రిఫరెన్స్ ఇచ్చేటప్పుడు ముందర టీఎస్ (టెక్నికల్ స్పెసిఫికేషన్, అంటే అసలు ప్రమాణం) ఉందా టీఆర్ ఉందా అని ఒక్కసారి చూసుకోండి.

ఇప్పుడు వెర్షన్ గోల. వెర్షన్ మూడు అంకెల గుంపు, 16.4.1 లాగా. మొదటిది రిలీజ్, రెండోది సాంకేతిక మార్పులు కలిపినప్పుడు పెరిగేది, మూడోది ఎడిటోరియల్ సవరణలకి. మొదటి అంకె 0, 1, 2 అయితే ఇంకా డ్రాఫ్ట్ దశలో ఉన్నట్టు, దాన్ని ముట్టుకోకండి. ప్లీనరీలు (గ్రూపుల పనిని ఆమోదించే పై స్థాయి సమావేశాలు) మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరులో జరుగుతాయి, అక్కడ ఆమోదించిన మార్పులతో ఆ తర్వాత కొత్త వెర్షన్లు వస్తాయి. ఫైల్ పేరు చూసి చాలామంది గందరగోళపడతారు: స్పెక్ నంబరు తర్వాత ఎఫ్60 అని ఉంటే అది 15.6.0. తొమ్మిది దాటాక ఇంగ్లీషు అక్షరాలు మొదలవుతాయి, ఏ అంటే 10, అలా లెక్కపెడితే ఎఫ్ 15, జీ 16, హెచ్ 17, ఐ 18. ఆర్కైవ్ ఫోల్డర్‌లో పాత వెర్షన్లన్నీ ఈ పేర్లతోనే వరసగా ఉంటాయి.

వర్డ్ ఫైల్‌తో పడలేనంటే యూరప్ సంస్థ ఎట్సీ అవే స్పెక్‌లని ఉచితంగా పీడీఎఫ్‌గా వేస్తుంది. అక్కడ నంబరు ముందు 1 చేరుతుంది, మన 38.331 అక్కడ 138 331, 23.501 అక్కడ 123 501. గూగుల్‌లో మీకు కనబడుతున్నవి చాలావరకు అవే, కాకపోతే ఎక్కువమంది లింక్ చేసిన పాత వెర్షన్ పైకొస్తుంది. ఎట్సీ సైట్‌లో ఆ స్పెక్ ఫోల్డర్‌కి నేరుగా వెళ్ళి కావలసిన వెర్షన్ మీరే ఎంచుకోండి.

ఏ రిలీజ్ చూడాలో ఎలా తెలుస్తుందంటారా, లాగ్‌లోనే ఉంటుంది. యూఈ (అంటే ఫోన్) కేపబిలిటీ మెసేజ్ తెరవండి, అందులో యాక్సెస్ స్ట్రాటమ్ రిలీజ్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది, ఆ ఫోన్ ఏ రిలీజ్ ప్రకారం నడుస్తోందో అది చెబుతుంది. ఫీల్డ్ పేరు చివర కూడా చూడండి. హైఫన్ ఆర్16 ఉంటే రిలీజ్ 16లో వచ్చిన ఫీల్డ్, హైఫన్ వీ1540 ఉంటే 15.4.0 వెర్షన్‌లో చేర్చిన ఎక్స్‌టెన్షన్. 5జీ ఆర్ఆర్‌సీలో తోక లేని పేర్లు మామూలుగా మొదటినుంచీ, అంటే రిలీజ్ 15నుంచీ ఉన్నవి. ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో మీ రేడియో లింక్ ఫెయిల్యూర్‌తోనే చెబుతా. రిలీజ్ 15 ఫోన్‌లో మాస్టర్ సెల్ గ్రూపు (ప్రధాన బేస్ స్టేషన్ సెల్స్) మీద లింక్ పోతే, సెక్యూరిటీ ఆన్‌లో ఉంటే, నేరుగా రీఎస్టాబ్లిష్‌మెంట్‌కి (కనెక్షన్ మళ్ళీ నిలబెట్టుకోవడానికి) పోతుంది. రిలీజ్ 16లో టీ316 అనే టైమర్ కాన్ఫిగర్ చేసి ఉండి సెకండరీ (రెండో బేస్ స్టేషన్) వైపు బాగానే ఉంటే, ఆ సెకండరీ దారిలో "నా మాస్టర్ లింక్ పోయింది" అని మెసేజ్ పంపి ఆగి చూస్తుంది. ఒకే లాగ్‌కి ఒక వెర్షన్‌లో పాస్, ఇంకో వెర్షన్‌లో ఫెయిల్. కొత్త స్పెక్ తెరిచి పాత ఫోన్ మీద బగ్ రాస్తే డెవలపర్ టీమ్ రెండు లైన్లలో తిప్పి పంపిస్తుంది.

ఆ రిలీజ్ 16 ప్రొసీజర్ ఉన్న క్లాజ్ 5.7.3బీ. ఎందుకు బీ అంటే, ఒకసారి స్పెక్ ఖరారయ్యాక క్లాజ్ నంబర్లు మార్చరు, మారిస్తే బయటి రిఫరెన్సులన్నీ తప్పిపోతాయి. మధ్యలో కొత్తది దూర్చాలంటే ఏ, బీ అని తగిలిస్తారు, తీసేస్తే ఆ నంబరు దగ్గర "వాయిడ్" అని రాసి ఖాళీగా వదిలేస్తారు. హైదరాబాద్ పాత వీధుల్లో ఇంటి నంబర్ల పక్కన బై 2, బై ఏ అని చేరినట్టే ఇదీనూ. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ పాత చిరునామా ఎప్పటికీ పని చేస్తుంది. మీకు ఉపయోగపడేది ఏంటంటే, పాత బగ్ రిపోర్టులో ఉన్న క్లాజ్ నంబరు కొత్త వెర్షన్‌లోనూ దాదాపు అక్కడే దొరుకుతుంది.

38.331 లోపలికి వద్దాం. రిలీజ్ 17కి వచ్చేసరికి వెయ్యి పేజీలు దాటేసింది, కానీ దాని అస్థిపంజరం చిన్నది. క్లాజ్ 5లో ప్రొసీజర్లు, అంటే ఫోన్ ఏం చేయాలి. క్లాజ్ 6లో మెసేజ్‌లు, ఫీల్డ్‌లు, ఏఎస్ఎన్.1 (మెసేజ్ నిర్మాణాన్ని రాసే భాష), దాని కింద ఫీల్డ్ వివరణల పట్టికలు. క్లాజ్ 7లో టైమర్లు, కాన్‌స్టంట్లు, ఫోన్ దాచుకునే వేరియబుల్స్. మీ ప్రశ్న "ఏం చేయాలి" అయితే 5, "విలువ ఎంత ఉండొచ్చు" అయితే 6, "టైమర్ ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆగాలి" అయితే 7. ఇది ముందే తేల్చుకుంటే మీ వందల హిట్లలో ఎక్కువ భాగం చూడకుండానే వదిలేయొచ్చు.

మీ కేసే తీసుకుందాం, లింక్ పోయిందని తేల్చడానికి వాడే టైమర్ టీ310. క్లాజ్ 7.1.1లో పట్టిక ఉంది, టైమర్ పేరు, మొదలయ్యే సందర్భం, ఆగే సందర్భం, గడువు ముగిస్తే ఏంటి, అన్నీ ఒకే వరసలో. ఏ టైమర్ గొడవైనా ముందు ఇక్కడికే రండి, నా లెక్కలో మొత్తం స్పెక్‌లో ఎక్కువ పని చేసిపెట్టే పేజీలు ఇవే. అసలు నిబంధన కావాలంటే 5.3.10: కింది లేయర్లనుంచి వరసగా ఎన్310 (నెట్‌వర్క్ ఇచ్చే సంఖ్య) సార్లు అవుట్ ఆఫ్ సింక్ (సిగ్నల్ చెడిందన్న సూచన) వస్తే టీ310 మొదలు పెట్టాలి, కొన్ని వేరే టైమర్లు నడుస్తూ ఉండకూడదు, ఆ జాబితా అక్కడే ఉంది. 5.3.10.3లో లింక్ ఫెయిల్ అయిందని ఎప్పుడు తేల్చాలో ఉంటుంది: టీ310 గడువు ముగిస్తే, మ్యాక్ నుంచి రాండమ్ యాక్సెస్ సమస్య వస్తే, ఆర్ఎల్‌సీ గరిష్ఠ రీట్రాన్స్‌మిషన్లకి చేరితే. ఎన్310 విలువ ఎంత అంటే క్లాజ్ 6కి వెళ్ళాలి, 1 నుంచి 20 దాకా కొన్ని ఎంచుకున్న విలువలు మాత్రమే ఉంటాయి, 5 కావాలన్నా ఇవ్వలేరు. ఆ ఒక్క ఫోన్‌కే పంపే డెడికేటెడ్ మెసేజ్‌లో ఈ సెట్టింగ్‌ని రద్దు చేస్తే సిబ్1లో (సెల్ అందరికీ ప్రసారం చేసే సమాచారం) వచ్చిన విలువలకి తిరిగి వెళ్ళాలని 5.3.5.5.6 చెబుతుంది.

మరి "అవుట్ ఆఫ్ సింక్" అని ఎవరు నిర్ణయిస్తారు? ఆ మాట 38.331లో వెతికితే ఎన్నిసార్లయినా కనబడుతుంది, నిర్వచనం మాత్రం కనబడదు, ఎందుకంటే అది వేరే గ్రూపు పని. ఏ సిగ్నల్ చూడాలి, ఎప్పుడెప్పుడు చూడాలి అన్నది 38.213 క్లాజ్ 5లో. ఎంత చెడితే చెడినట్టు అన్నది 38.133 క్లాజ్ 8.1లో, ఊహాత్మక పీడీసీసీహెచ్ (డౌన్‌లింక్ నియంత్రణ ఛానెల్) బ్లాక్ ఎర్రర్ రేటు 10 శాతానికి చేరితే అవుట్, 2 శాతానికి తగ్గితే ఇన్. మ్యాక్ సమస్య 38.321లో, రీట్రాన్స్‌మిషన్ లెక్క 38.322లో. దాన్ని టెస్ట్ చేసే పద్ధతి 38.523-1లో. ఒక్క లాగ్ లైన్‌కి ఇన్ని డాక్యుమెంట్లు. చదివేటప్పుడు చతురస్ర బ్రాకెట్‌లో ఒక నంబరు కనిపిస్తుంది చూశారా, అది క్లాజ్ 2లో ఉన్న రిఫరెన్స్ జాబితాలోని వరస సంఖ్య. రిఫరెన్స్‌లో వెర్షన్ ఇవ్వకపోతే అదే రిలీజ్‌లోని తాజా వెర్షన్ అని అర్థం, అందుకని 38.331 రిలీజ్ 16 చదువుతూ 38.213 రిలీజ్ 17 తెరవకూడదు.

కంట్రోల్ ఎఫ్ గురించి ఇప్పుడు. ఏఎస్ఎన్.1లో ఫీల్డ్ పేరు చిన్న అక్షరంతో, టైప్ పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది, చాలా చోట్ల రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే. మ్యాచ్ కేస్ టిక్ పెట్టకపోతే రెండూ కలిపి వస్తాయి. ప్రొసీజర్ కావాలంటే చిన్న అక్షరంతో, నిర్వచనం కావాలంటే పెద్ద అక్షరంతో వెతకండి. రెండో సమస్య హైఫన్. కళ్ళకి కనబడే హైఫన్ ఒక్కటే కానీ వర్డ్‌లో లైన్ విరగకుండా పెట్టే హైఫన్ వేరే క్యారెక్టర్, మీరు కీబోర్డు మీద కొట్టిన దానితో అది కలవదు. ఉండి తీరాల్సిన పేరు దొరకలేదంటే హైఫన్ దాకా కాకుండా దాని ముందు ముక్క మాత్రం వెతకండి, లేదా వర్డ్‌లో ^~ అని పెట్టండి. మూడోది, 4జీ 36.101 లాంటి భారీ స్పెక్‌ల జిప్‌లో ఒక ఫైల్ కాదు, ముక్కలుగా చాలా ఫైళ్ళుంటాయి. ఒకటి తెరిచి వెతికి "లేదు" అని చెప్పేయకండి. నేనైతే ఒక్కో రిలీజ్‌కి ఒక్కో ఫోల్డర్ పెట్టి, లిబ్రే ఆఫీస్‌తో అన్నిటినీ మామూలు టెక్స్ట్‌లోకి మార్చుకుని గ్రెప్ (ఫైళ్ళన్నిటిలో ఒకేసారి వెతికే కమాండ్) కొడతాను, చదవడం మాత్రం అసలు ఫైల్‌లోనే. ఫీల్డ్ పేరు టైప్ చేయకుండా వైర్‌షార్క్ (మెసేజ్‌లు విప్పి చూపే టూల్) డీకోడ్‌లోంచి కాపీ చేసుకోండి, స్పెల్లింగ్ టెన్షన్ ఉండదు.

హిట్ దొరికాక ఇంకో ప్రమాదం. క్లాజ్ 5లో నిబంధనలు 1>, 2>, 3> అని మెట్లు మెట్లుగా ఉంటాయి. మీరు ఆగింది 4> దగ్గర అయితే ఆ లైన్ ఎప్పుడు వర్తిస్తుందో తెలియాలంటే పైకి ఎక్కుతూ 3>, 2>, 1> షరతులన్నీ చదవాలి, కొన్నిసార్లు అవి రెండు పేజీల వెనక ఉంటాయి. ఒక్క లైన్ కాపీ చేసి జిరా బగ్ టికెట్‌లో అతికిస్తే అర్థమే తలకిందులైపోతుంది. ఐచ్ఛిక ఫీల్డ్ పక్కన నీడ్ ఎం, నీడ్ ఆర్, నీడ్ ఎన్, నీడ్ ఎస్ అని కూడా ఉంటాయి, 6.1.2 చదవండి. ఎం అంటే ఫీల్డ్ రాకపోతే పాతదే ఉంచుకో, ఆర్ అంటే రాకపోతే తీసేయి. లాగ్‌లో ఫీల్డ్ లేదు కాబట్టి కాన్ఫిగర్ కాలేదు అని చెప్పేముందు ఆ అక్షరం చూడాలి.

ఇంకా ఒకటి, దీని మీద కొత్తవాళ్ళు రోజులు పోగొట్టుకుంటారు: మీరు వెతికేది అసలు స్పెక్‌లో లేకపోవచ్చు. 38.331 ప్రధానంగా ఫోన్‌ని కట్టడి చేస్తుంది. నెట్‌వర్క్ ఏ క్షణంలో హ్యాండోవర్ ఇవ్వాలి, షెడ్యూలర్ ఏ యూజర్‌కి ఎంత ఇవ్వాలి, ఇవి వెండర్ ఇష్టం. "అప్ టు యూఈ ఇంప్లిమెంటేషన్" అన్న మాటలు ఒకసారి వెతికి చూడండి, ఎన్ని చోట్ల వదిలేశారో తెలుస్తుంది. ఉండాల్సిన క్లాజ్ పూర్తిగా చదివాక లేకపోతే "స్పెక్ దీన్ని నిర్దేశించలేదు, క్లాజ్ ఫలానా చూశాను" అని రాయడం పూర్తి సమాధానమే. నోట్ అని ఉన్నవి వివరణ కోసం, వాటి మీద ఫెయిల్ ఇవ్వకండి. షల్ ఉంటే తప్పనిసరి, షుడ్ ఉంటే సిఫారసు.

వాక్యం చదివినా అర్థం కాకపోతే, ఎక్కువసార్లు అదే జరుగుతుంది, దాని చరిత్ర చూడండి. ప్రతి స్పెక్ చివర చేంజ్ హిస్టరీ పట్టిక ఉంటుంది: తేదీ, మీటింగ్, టీడాక్ (మీటింగ్‌కి వచ్చిన పత్రం) నంబరు, సీఆర్ (చేంజ్ రిక్వెస్ట్, మార్పు ప్రతిపాదన) నంబరు, కేటగిరీ, విషయం. కేటగిరీలో ఎఫ్ అంటే దిద్దుబాటు, బీ అంటే కొత్త ఫీచర్, సీ అంటే ఉన్న ఫీచర్‌లో మార్పు, డీ అంటే ఎడిటోరియల్, ఏ అంటే పాత రిలీజ్‌లో చేసిన దిద్దుబాటుని ఈ రిలీజ్‌లోకి కూడా తేవడం. ఆ సీఆర్ తెరిస్తే కవర్ పేజీ మీద మార్పుకి కారణం, మార్పు సారాంశం, దీన్ని ఒప్పుకోకపోతే ఏమవుతుంది అన్న గడులు మామూలు మనుషుల ఇంగ్లీషులో నింపి ఉంటాయి. స్పెక్‌లో ఆరు మెట్ల వాక్యం అక్కడ నాలుగు లైన్లలో తేలిపోతుంది. ఆర్2 అని మొదలయ్యే టీడాక్ రాన్2 మీటింగ్‌ది, ఆర్‌పీ అయితే ప్లీనరీది, ప్లీనరీ జిప్‌లో చాలా సీఆర్‌లు కలిపి ఉంటాయి కాబట్టి సీఆర్ నంబరు కూడా రాసుకుని వెళ్ళండి. పాత సందేహాలకి ఇంత మంచి ఆధారం ఇంకోటి లేదు, విచిత్రంగా చాలా తక్కువమంది ఆ చివరి పేజీల దాకా వెళ్తారు.

చాట్‌బాట్‌ని అడగొచ్చా అని కూడా రాశారు. ఏ స్పెక్‌లో ఉండొచ్చు అని దారి అడగడానికి అడగండి. అది చెప్పిన క్లాజ్ నంబరు మాత్రం ఫైల్ తెరిచి చూడకుండా ఎక్కడా రాయకండి, 4జీ 36.331 క్లాజ్‌ని 5జీది అన్నట్టు ధీమాగా చెప్పేస్తుంది, రెండింటిలో క్లాజ్ పేర్లు చాలా వరకు ఒకేలా ఉంటాయి కాబట్టి చూసేవాళ్ళకి అనుమానం కూడా రాదు.

లీడ్‌కి పంపేటప్పుడు స్పెక్ నంబరు, పూర్తి వెర్షన్, క్లాజ్, ఆ లైన్ పైనున్న 1> షరతులతో సహా పెట్టండి, పక్కన లాగ్ టైమ్‌స్టాంప్. మీ లాగ్‌లో యాక్సెస్ స్ట్రాటమ్ రిలీజ్ ఎంతో, టీ316 కాన్ఫిగర్ అయి ఉందో లేదో ఇక్కడ రాస్తే ఆ రీఎస్టాబ్లిష్‌మెంట్ సరైనదేనా కాదా చూసి చెబుతాను.